పాపను కొట్టిన సిస్టర్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. ఆ కోపానికి కుర్చీ వేసి, నెలనెలా జీతమిచ్చి కూర్చోబెట్టింది మాత్రం బేగంపేటలో నేను పనిచేసిన సాఫ్ట్‌వేర్ కంపెనీ. నా పని టెస్టింగ్. అవతలివాళ్ళు వారాల తరబడి కూర్చుని రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకాలి. దొరికిన తప్పును వరస తప్పకుండా రాసి పంపాలి. ఎక్కడ జరిగింది, ఎన్నింటికి జరిగింది, ఏం నొక్కితే ఏమైంది, ఎంత తీవ్రమైనది. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి నేర్చుకున్న విద్య అది. ఆ రోజుల్లో అమీర్‌పేట రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే నాలుగు కరపత్రాలు చేతిలో పడేవి, ఎవడో ఒకడు వెంటపడి "డెమో క్లాస్ ఫ్రీ మేడమ్" అనేవాడు. అలా చేరినదాన్నే నేనూ. చేరాక మాత్రం దిట్టనయ్యాను. నేను తప్పని రాస్తే కాదని గెలిచినవాడు మా ఆఫీసులో ఒక్కడు లేడు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ విద్యతోనే నా కూతురి ప్రాణం మీదికి తెచ్చాను, అందుకు చెబుతున్నాను.

ఏడో నెల నడుస్తుండగా ఒక మధ్యాహ్నం ఆఫీసులో కళ్ళు బైర్లు కమ్మాయి. పంజాగుట్టలోని ఆస్పత్రికి తీసుకెళ్తే బీపీ చూసిన డాక్టరమ్మ ఇంకెవర్నీ ఏమీ అడగలేదు, ఆపరేషన్ అంది. పాప పుట్టింది. వెయ్యీ ఎనభై గ్రాములు. బండి దగ్గర కిలో వంకాయలు తూయించుకుని, పైన మొగ్గుకి ఇంకో కాయ వేయించుకుంటామే, అంత. నాకు ఒక్క క్షణం చూపించి పైఅంతస్తులోకి, నెలలు నిండని పిల్లల్ని ఉంచే గదిలోకి తీసుకెళ్ళిపోయారు. అక్కడ మూడో గాజుపెట్టె మా పాపది.

ఆరో రోజు నన్ను ఇంటికి పంపేశారు. పాపను పంపలేదు. కడుపులో లేదు, ఒళ్ళోనూ లేదు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో మాది రెండు గదుల అద్దె వాటా. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, "పచ్చి బాలింతవి, గడప దాటకు" అంది. ఎక్కడ ఆగుతాను. కాలు కాలిన పిల్లిలా ఆ రెండు గదుల్లోనూ తిరిగాను. కిందింటివాళ్ళు ఏమైందని అడగడానికి పైకి వచ్చారు. మర్నాడు పొద్దున్న కుట్లు పట్టుకుని ఆటో ఎక్కాను. అది మొదలు రోజుకు రెండుసార్లు అమీర్‌పేట నుంచి పంజాగుట్ట, పంజాగుట్ట నుంచి అమీర్‌పేట. చంకలో ఐస్ ముక్కలు నింపిన డబ్బా, అందులో సీసా, సీసాలో పాలు.

పాలు అంటున్నానే గానీ, సీసా అడుగు తడిసేవి అంతే. మూడు గంటలకోసారి కూర్చుని పిండుకుంటే పదిహేను ఎంఎల్. ఒక్కోసారి పన్నెండు. పాపకు చప్పరించే శక్తి లేదు. ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి సిరంజితో చుక్క చుక్క పంపేవారు. డబ్బా పాలు ఆ పేగులకు పడవని, తల్లి పాలే మందు అనుకోవాలని పిల్లల డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి సీసా వైపు చూడాలంటేనే భయం నాకు. చూస్తే భయం, భయపడితే ఇంకో రెండు ఎంఎల్ తక్కువ.

పాపను చూడనిచ్చేది పదకొండింటికి అరగంట, సాయంత్రం ఐదింటికి అరగంట. అదీ అద్దం బయటి నుంచి. మందపాటి అద్దం, లోపలి చప్పుడు ఒక్కటీ బయటికి రాదు. పెట్టె పక్కన మిషన్ ఉంటుంది గానీ దాని ముఖం సిస్టర్ల వైపు, వీపు మా వైపు. నాకు కనిపించేది పాప మాత్రమే. ఎర్రటి పాదాలు, పక్షి పిల్ల ఛాతీ.

ఆ గదిలో పగటి డ్యూటీ సిస్టర్ ఒకామె ఉండేది. నల్గొండ వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. మొదటి రోజు నన్ను చూడగానే ఎలా ఉన్నావని కూడా అడగలేదు. "గోర్లు తీసేసి రా. గాజులు తీసి బ్యాగుల పెట్టు. ఏడ్వాలంటే కింద ఏడ్చి రా అమ్మా, ఈడ కాదు" అంది. నాకు ఒళ్ళు మండింది. నా పిల్ల, నా ఏడుపు, మధ్యలో ఈవిడెవరు అనుకున్నాను. అయినా గోళ్ళు తీసుకున్నాను. గాజులూ తీశాను. కోపం మాత్రం తీసి పెట్టడానికి ఏ బ్యాగూ లేదు నా దగ్గర.

పాప పుట్టిన ఎనిమిదో రోజు, పదకొండింటికి అద్దం దగ్గర నిలబడ్డాను. పాప నిద్రపోతోంది. అంత నెమ్మదిగా, కదలకుండా నిద్రపోవడం అదే మొదటిసారి చూడటం. నా మనసు కూడా కాస్త కుదుటపడింది. అంతలో పక్క పెట్టె దగ్గరున్న ఆ సిస్టర్ గబుక్కున ఇటు తిరిగి, పెట్టెకున్న గుండ్రటి కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టింది. చూపుడువేలు మడిచి, క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్‌ను కొట్టినట్టు, పాప అరికాలి మీద కొట్టింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. మూడోసారి గట్టిగా. కాలు ఎగిరిపడింది. ముఖమంతా ముడుచుకుని, నోరు తెరిచి పాప ఏడ్చింది. అద్దానికి ఇవతల నాకు ఆ ఏడుపు వినపడలేదు, కనపడింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అద్దం మీద దబదబా బాదాను. ఆమె నా వైపు తిరగనైనా లేదు. గోడ గడియారం చూసింది, చార్టులో ఏదో రాసుకుంది. కాసేపటికి బయటికి వస్తే తలుపు దగ్గరే నిలేశాను.

"నిద్రపోతున్న పిల్లని ఎందుకు కొట్టారు?"

ఆమె నా ముఖం చూసింది. ఏదో చెప్పబోయి, నా చేతిలో ఉన్న సీసా వైపు చూసింది. అడుగున పదిహేను ఎంఎల్.

"పాలు ఇచ్చి ఇంటికి పోమ్మా. జర తిని పండుకో. నాకు పనుంది" అని సీసా తీసుకుని తలుపు మూసేసింది.

పండుకోవడం ఎక్కడిది. సాయంత్రం మళ్ళీ వెళ్ళాను, ఈసారి పాపను చూడటానికి కాదు, ఆవిడను చూడటానికి. ఐదూ ఇరవైకి మళ్ళీ కొట్టింది. మర్నాడు పదకొండూ ఐదుకు ఒకసారి, పదకొండూ పద్దెనిమిదికి ఒకసారి. ప్రతిసారీ పాప హాయిగా నిద్రపోతున్నప్పుడే. పాప ఏడుస్తున్నప్పుడు, కాళ్ళు ఆడిస్తున్నప్పుడు ఆమె దగ్గరికే వెళ్ళదు. దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ మనిషికి పసిపిల్ల ప్రశాంతంగా పడుకుంటే ఓర్వలేదు. నవ్వకండి. వారం పైగా నిద్ర లేని మనిషికి ఇలాంటివి చాలా స్పష్టంగా అర్థమవుతాయి. సమయాలన్నీ మందుల బిల్లు వెనక రాసుకున్నాను.

ఆస్పత్రి నుంచి తిన్నగా అమీర్‌పేటలో ఒక డీటీపీ షాపుకు వెళ్ళి, కీబోర్డు ముందు నేనే కూర్చుని ఫిర్యాదు కొట్టాను. మరొకరైతే ఏడుస్తూ రెండు ముక్కలు చెప్పి ఊరుకునేవారు. నేను ఆఫీసులో ఎలా రాస్తానో అలాగే రాశాను. ఏం జరిగింది, ఎక్కడ, ఎన్నింటికి, ఎన్నిసార్లు, జరగడానికి ముందు పాప ఏ స్థితిలో ఉంది, ఎవరు చూశారు. చివర తీవ్రత అన్న చోట, అత్యంత తీవ్రం. రెండు ప్రింట్లు తీయించి ఒకటి ఆస్పత్రి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం కూడా పెట్టించుకున్నాను. బయటికొచ్చాక పది రోజుల్లో మొదటిసారి ఆకలి వేసింది. బండి దగ్గర నిలబడి ఇడ్లీ తిన్నాను. బాలింత బండి దగ్గర ఇడ్లీ తినడం మా అమ్మ చూసి ఉంటే అక్కడే కూలబడిపోయేది.

సాయంత్రం మా ఆయన మాసబ్ ట్యాంక్ ఆఫీసు నుంచి వచ్చి అన్నానికి కూర్చుంటే చెప్పాను. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఇచ్చేశావా?"

"ఇవ్వక? పిల్లని కొడుతుంటే చూస్తూ కూర్చోమంటారా?"

"నాతో ఒక్క మాట అనాల్సింది" అన్నాడు. చెయ్యి కడుక్కుని, చొక్కా వేసుకుని, చెప్పకుండా వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక ఎక్కడికి వెళ్ళారంటే నోరు విప్పలేదు. ఆస్పత్రివాళ్ళంటే భయపడ్డాడనుకున్నాను. పిరికివాడివన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయను. మా అమ్మ మధ్యలో వచ్చి, "అల్లుణ్ణి అనే మాటలేనా ఇవి, పాలు విరిగిపోతాయే" అని నా నోరు మూసింది.

మర్నాడు పదకొండింటికి ఆ సిస్టర్ లేదు. గెలిచాననుకున్నాను. కానీ ఆ గదిలో ఏదో మారిపోయింది. అప్పటిదాకా నన్ను "అమ్మా" అని పిలిచినవాళ్ళంతా "మేడమ్" అనడం మొదలుపెట్టారు. సీసా అందుకునేటప్పుడు నా ముఖం చూడరు. పాప పెట్టె దగ్గర ఒకరికి ఇద్దరు నిలబడుతున్నారు, నేను అద్దం దగ్గరికి వస్తే నా వైపు ఒక చూపు, పాప వైపు ఒక చూపు. నిజం చెప్పాలంటే నాకది బాగానే ఉంది. ఇన్నాళ్ళకు జాగ్రత్తగా చూస్తున్నారు అనుకున్నాను.

ఫిర్యాదు ఇచ్చిన మూడో రోజు డాక్టరమ్మ నన్ను లోపలికి రానిచ్చింది. పాప చెయ్యి పట్టుకుని కూర్చుంటే ఇద్దరికీ మంచిదంది. మోచేతుల దాకా కడుక్కుని, వాళ్ళిచ్చిన గౌను వేసుకుని, మూడో పెట్టె ముందు స్టూలు మీద కూర్చున్నాను. గుండ్రటి కిటికీలోంచి వేలు పెడితే పాప పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. ఆ పట్టు గురించి నాకు రాయడం రాదు. పుట్టి పదకొండు రోజులైన నా పిల్లను అప్పుడే మొదటిసారి ముట్టుకున్నాను, ఏడవకూడదని పళ్ళు బిగపట్టుకున్నాను.

కాసేపటికి పాప నిద్రపోయింది. అదే నిద్ర, నెమ్మదిగా, కదలకుండా. నా వేలి చుట్టూ పట్టు వదులైంది. నిద్రలో వదిలేసింది అనుకున్నాను. అప్పుడు మిషన్ మోగింది. మొదటిసారి దాని ముఖం నా వైపు ఉంది, మొదటిసారి దాని చప్పుడు నాకు వినిపించింది. అంకెలు పడిపోతున్నాయి. పాప పెదాల చుట్టూ నేరేడు రంగు కమ్ముకుంటోంది. ఛాతీ వైపు చూశాను. అది కదలడం లేదు.

చిన్న వయసు సిస్టర్ ఒకామె పరుగున వచ్చింది. చెయ్యి లోపలికి పెట్టింది, వేలు మడిచింది. మడిచి నా వైపు చూసి ఆగిపోయింది.

"మేడమ్, కాలి మీద కొట్టాలి. కొట్టనా?"

నన్ను అనుమతి అడిగింది. నా పిల్లకు ఊపిరి ఆగిపోయి ఉంటే, ఊపిరి తెప్పించనా అని నన్ను అడిగింది. ఆమె వేలు అలాగే గాల్లో ఉంది. అంతలో గది అవతలి నుంచి అక్కడి ఇన్‌ఛార్జి, పెద్ద సిస్టర్ వచ్చి, ఆ చిన్న సిస్టర్‌ను పక్కకు నెట్టి, పాప అరికాలి మీద కొట్టింది. కొట్టింది. కొట్టింది. కదల్లేదు. చిన్న మాస్కు ముఖం మీద పెట్టి, సంచీ నొక్కి గాలి పంపింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోసారికి పాప ముఖం ముడుచుకుంది. ఏడ్చింది. ఆ ఏడుపు పిల్లి కూన గొంతంత ఉంటుంది, అప్పుడే మొదటిసారి విన్నాను.

పెద్ద సిస్టర్ చార్టులో సమయం రాసి, నా భుజం మీద చెయ్యి వేసింది. "నెలలు తక్కువ పిల్లలు నిద్రలో ఊపిరి తీసుకోవడం మర్చిపోతారమ్మా. మనం గుర్తు చెయ్యాలి. మొదటి రెండు మూడు సెకన్లలో చేస్తే ఒక్క దెబ్బతో అయిపోతుంది. ఆలస్యమైతే ఇదిగో, ఇంత దూరం వస్తుంది."

ఆలస్యం ఎవరు చేశారో ఆమె అనలేదు. అనాల్సిన పని లేదు. ఆ చిన్న సిస్టర్ వేలు గాల్లో ఆగిన ఆ కాసేపూ నేను రాసిన కాగితమే అడ్డం నిలబడింది. పాప ఊపిరికీ, ఆ వేలికీ మధ్య.

ఇది చదివేవాళ్ళు కంగారు పడకండి. పాప బతికింది, యాభై రోజులు దాటాక ఇంటికి వచ్చింది, ఇప్పుడు నాతో సమానంగా కోప్పడుతుంది. ఆ సిస్టర్ కూడా వారం తిరక్కుండా పైఅంతస్తుకు తిరిగి వచ్చింది. అవన్నీ సవ్యంగానే జరిగాయి. నేను చెప్పాలనుకుంటున్నది ఆ రోజే, ఆ వెంటనే జరిగింది.

గౌను విప్పేసి ఆస్పత్రి ఆఫీసుకు వెళ్ళాను. నా కాగితం నాకిచ్చేయమన్నాను. ఫైలులో చేరిపోయింది, ఇవ్వడం కుదరదన్నారు. అయితే ఇంకో కాగితం ఇవ్వండన్నాను. తప్పు నాదని, ఆమె కొట్టినది నా పిల్లకు ఊపిరి తెప్పించడానికని, చూసి తెలుసుకున్నానని చేత్తోనే రాశాను. ఈసారి వరసా లేదు, అంకెలూ లేవు, అక్షరాలు కుదురుగా కూడా లేవు. ఆమె ఎక్కడుందని అడిగితే, కింద టీకాలు వేసే గదిలో వేశామన్నారు.

ఆ గది ముందు పది మంది తల్లులు చంకల్లో పిల్లలతో వరసలో ఉన్నారు. ముందుకు దూసుకెళ్ళే మొహం లేక నేనూ వరసలో నిలబడ్డాను. లోపల ఒక్కో పిల్లా సూది పడగానే గుక్కపట్టి ఏడుస్తోంది. ఒకరిని చూసి ఒకరు, గదంతా ఏడుపు. ఆ ఏడుపులన్నీ నా ఒంట్లోకి దిగుతున్నట్టుంది. నా వంతు వచ్చింది. ఆమె సిరంజిలోకి మందు తీస్తూ తల ఎత్తకుండానే అడిగింది.

"బిడ్డేది?"

"పైన ఉంది సిస్టర్. మూడో పెట్టెలో."

అప్పుడు తల ఎత్తింది. కోపం లేదు ఆ ముఖంలో. ఉంటే బాగుండుననిపించింది నాకు.

"ఆ కాగితం రాసింది నేనే" అన్నాను.

"ఎరుకే. మంచిగనే రాసినవ్. టైములు సుత వేసినవ్. నా చార్టుల సుత గవ్వే టైములున్నయి. ఒక్క నిమిషం తేడా లేదు."

మందుల బిల్లు వెనక నేను ఎక్కించుకున్నవన్నీ, ఆమె నా పిల్లను బతికించిన వేళలు. ఒక్కొక్కటీ తప్పు అని పేరు పెట్టి, అందినట్టు సంతకం కూడా పెట్టించుకున్నాను.

"ఒక్క మాట చెప్పుంటే అయిపోయేది కదా సిస్టర్. ఆ రోజు తలుపు దగ్గర అడిగాను కదా. ఎందుకు చెప్పలేదు?" అన్నాను. క్షమించమని అడగడానికి వచ్చి, మళ్ళీ నిలదీస్తున్నాను. నా బుద్ధి అది.

ఆమె సిరంజి పక్కన పెట్టింది. "మీ ఆయనకు మొదటి దినమే చెప్పినం, డాక్టరమ్మ ముంగటనే. నీకు చెప్పొద్దన్నది నేనే. నువ్వు కాగితమిచ్చిన దినం మాపటికి ఆయన ఉరికొచ్చిండు, ఇగ చెప్పేస్త అన్నడు. వద్దని మళ్ళా నేనే ఆపిన."

"ఎందుకు?"

"నీకు పాలు ఎంతొస్తుండె గప్పుడు? పదిహేను. బిడ్డ ఊపిరి మర్చిపోతున్నదని ఇన్నంక తల్లికి గా పదిహేను సుత రావు. మస్తుమందిని చూసిన. నువ్వు నన్ను తిడితే నాకేం పోతదమ్మా, ఇగో, ఈడ సూదులేసుకుంట కూసున్న. నీ పాలు పోతే బిడ్డకు ఏడికెళ్ళి తేవాలె?"

మా ఆయన్ని పిరికివాడన్న మాట గుర్తొచ్చింది. మేడమ్ అన్న ఆ చిన్న సిస్టర్ భయం గుర్తొచ్చింది. సిగ్గుతో ఏడుపు తన్నుకొచ్చింది, ఈసారి ఆపుకోలేదు. కింద ఏడవొచ్చని ఆమే కదా చెప్పింది. ఏడుస్తూ ఉండగా నా జాకెట్టు తడిసిపోయింది, రెండు వైపులా. పైట దాకా తడి పాకింది. ఆ గదిలో అంతమంది పిల్లలు ఏడుస్తుంటే నా ఒంట్లో పాలు వాటంతట అవే పొంగాయి. ఆమె అది చూసింది. ఆ ముఖంలో మొదటిసారి నవ్వులాంటిది కనిపించింది.

రెండు చేతులూ జోడించబోయాను. అప్పటికే ఆమె నా వెనక తల్లిని ముందుకు పిలిచి, ఆ బిడ్డ తొడ మీద దూది రుద్దుతోంది.

"నాకు దండాలు పెట్టుకుంట నిలబడకు. పన్నెండైతుంది, బిడ్డ టైము. పైకి పోయి చేతులు కడుక్కొని పాలు తియ్యి."

పైకి వెళ్ళాను. చేతులు కడుక్కుని కూర్చున్నాను. నలభై ఎంఎల్ వచ్చాయి.